అటు తిరిగి నిలబడ్డ రూప్లి

బాన్సువాడ నుంచి జుక్కల్ దాకా ఎన్నో వేల మంది చేత చప్పట్లు కొట్టించిన మనిషికి, తన కోసం నలుగురు చప్పట్లు కొడితే కాళ్ళు వణికేవంటే ఎవరూ నమ్మరు. నేను నమ్ముతాను. ఆ వణుకును చాలాసార్లు దగ్గరుండి చూశాను. ఒకసారి ధైర్యం చెప్పబోయి, ఆ కంగారులో నా చేతిలోని చాయ్ ఆమె కొత్త ఓణీ మీదే ఒలకబోశాను. మరక పోలేదు, భయమూ పోలేదు.

ఆమె పేరు రూప్లి. బాన్సువాడకు మైలున్నర దూరంలో, నిజాంసాగర్ కాలువ పక్కన ఉన్న లంబాడీ తండా వాళ్ళది. భర్త పేరు రూప్‌సింగ్, తమ్ముడి పేరు హర్యా. పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఆమెకు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. వాళ్ళింట్లో ఎవరూ రాసిపెట్టుకోలేదు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద క్యాంపులో స్థిరపడ్డ సాంబమూర్తి గారి పొలానికి నాట్లకు పోయేది. నాట్లలో పాట ఎత్తుకునేది రూప్లే. ఆమె ఒక ముక్క అంటే మిగతా ఆడవాళ్ళు "హోయ్" అనేవాళ్ళు. అందరికంటే చురుగ్గా నాటుతున్న మనిషిని చూసి ఆమె ఎన్నడూ పాడలేదు. వెనకబడ్డ మనిషిని, నడుం పట్టేసి మెల్లగా లేస్తున్న మనిషిని చూసి పాడేది. ఆ మనిషి వచ్చి వరుసలో కలిసేదాకా పాట ఆగేది కాదు. సాంబమూర్తి గారు గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి, "రూప్లి రాని రోజున మన చేలో నాట్లు పెట్టొద్దు" అని పాలేరుకు గట్టిగా చెప్పేవారు.

ఆ ఏడు తెలంగాణ గొడవల్లో బడులు నెలల తరబడి మూతబడ్డాయి. నేనప్పుడు బాన్సువాడలో కొత్తగా చేరిన పంతుల్ని. చెప్పడానికి పాఠాలు లేవు. బడి మైదానంలో మాత్రం రోజూ కబడ్డి. ఊరికో జట్టు కట్టి పోటీలు పెట్టుకున్నారు. చేతిలో సుద్దముక్క ఉన్న పాపానికి, నల్లబల్ల మీద పాయింట్లు రాసే పని నాకు అంటగట్టారు.

తండా జట్టులో హర్యా కూతకు వెళ్ళేవాడు. ఒకనాటి సాయంత్రం వాణ్ణి బాన్సువాడ వాళ్ళు ముగ్గురు కలిసి కాళ్ళు పట్టి పడేశారు. గీత మూరెడు దూరంలో ఉంది. కూత సన్నబడిపోతోంది. రూప్లి ఆ రోజు తమ్ముడికి రొట్టెలు ఇచ్చిపోదామని మాత్రమే వచ్చింది. రొట్టెల మూట కింద పడేసి గీత పక్కకు ఉరికొచ్చింది.

"ఊపిరి ఇడువకు భియా!"

భియా అంటే వాళ్ళ భాషలో అన్నో తమ్ముడో. వెనక నిలబడ్డ తండా ఆడవాళ్ళు నాట్ల అలవాటు కొద్దీ "హోయ్" అన్నారు.

"పట్టు ఇడువకు భియా!"

"హోయ్!"

అలా ఎంతసేపు పాడిందో తెలియదు కానీ, హర్యా కూత ఎంతసేపో ఆమె పాట అంతసేపు, వాడిలాగే ఒకే ఊపిరి మీద సాగింది. మెడ నరాలు ఇద్దరికీ ఒక్క తీరుగా ఉబ్బాయి. హర్యా ముగ్గురినీ ఈడ్చుకుంటూ జరిగి, చివరకు చూపుడువేలి గోరు గీతకు ఆనించాడు. మైదానం మొత్తం అరిచింది. నేను ఆ అరుపులో ఉక్కిరిబిక్కిరై మూడు పాయింట్లూ బాన్సువాడకు రాసేశాను. దాని మీద పెద్ద రగడయింది. ఆ రగడలో, ఈ కేకలన్నీ ఎక్కడ మొదలయ్యాయో కాసేపటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చి చూసేసరికి, రూప్లి దుమ్ములో పడ్డ రొట్టెలు ఏరుకుంటోంది.

"నీ పెండ్లాం కూత పెడితే నీ బామ్మర్ది గెలిచిండు గదనే, రూప్‌సింగూ! రేపటి నుంచి ఆమెనే దింపరాదు!" అని ఎవరో ఎగతాళి చేశారు.

రూప్‌సింగ్ సిగ్గుపడి తువ్వాల మొహానికి కప్పుకున్నాడు. అతనికి జనమంటే చచ్చేంత భయం. ఆ సంగతి తర్వాత చాలా దూరం పోయింది.

రూప్లి జీవితం ఆ రోజుతో మలుపు తిరిగింది. ముందు పక్క తండా వాళ్ళు పిలిచారు. తర్వాత నిజాంసాగర్ జట్టు, పెద్ద కొడప్‌గల్ జట్టు. పిలిచే పద్ధతి ఒకటి వాళ్ళే ఏర్పరచుకున్నారు. జట్టు పెద్ద తండాకు వచ్చి ఒక కొబ్బరికాయ, ఒక జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టాలి. ఆ కొబ్బరికాయ పుచ్చుకుంటే ఎండైనా వానైనా వెళ్ళి తీరాలి. బస్సు కిరాయి, భోజనం వాళ్ళవి. ఇట్లాంటి పని ఒకటి లోకంలో ఉంటుందని అంతకు ముందు మాకెవరికీ తెలియదు. ఆమెకు మాత్రం అది పనే. పొలానికి పోయినట్టే పొద్దున్నే సద్ది కట్టుకుని బయల్దేరేది.

పని చేసే తీరు కూడా నాట్లలాగే. గీత పక్కన, ఆటగాళ్ళకు ఎదురుగా, జనానికి వీపు పెట్టి నిలబడేది. చెయ్యి పైకి లేస్తే వెనక వెయ్యి గొంతులు లేచేవి. చెయ్యి దిగితే గాలి కూడా ఆగినట్టుండేది. జనం ఎన్నడూ ఆమె మొహం చూడలేదు. అందుకని ఒక చిత్రం జరిగేది. బస్సులో ఆమె ఎదురు సీట్లో కూర్చుంటే ఎవరూ పోల్చుకునేవారు కాదు. దిగి నడిచిపోతుంటే మాత్రం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "అరే, గామె మన రూప్లక్క కాదూ!" అనేవాళ్ళు.

ప్రతి ఆటకు ముందూ ఆమెకు గాబరా. రవికెకు కుట్టిన అద్దాల్లో ఒకదాన్ని బొటనవేలితో రుద్దుతూ ఉండేది. "సారూ, గియ్యాల గొంతు రాకపోతే?" అని నన్నడిగేది. "ఇన్నేళ్ళ నుంచీ వస్తోంది కదమ్మా" అంటే, "అందుకేనయ్యా ఫికరు. ఇన్నేండ్ల నుంచి వస్తున్నది ఎప్పుడో ఒకనాడు రాకుంట పోతది గద" అనేది.

ఒకసారి పెద్ద చిక్కొచ్చింది. నిజాంసాగర్‌లో పోటీ. జుక్కల్ వాళ్ళు కొబ్బరికాయ ఇచ్చి వెళ్ళిన మర్నాడే కొడప్‌గల్ వాళ్ళూ ఇచ్చి వెళ్ళారు. రెండు జట్లూ వేర్వేరు రోజుల్లో ఆడతాయని ఆమె అనుకుంది. తీరా చూస్తే రెండూ ఫైనల్లో ఎదురెదురుగా నిలబడ్డాయి. రెండు కొబ్బరికాయలూ అప్పటికే పచ్చడైపోయాయి కాబట్టి తిరిగివ్వడానికీ లేదు. ఏం చేసిందనుకుంటున్నారు? జుక్కల్ వాడు కూతకు వెళ్తే జుక్కల్ వాడికి పాడింది. కొడప్‌గల్ వాడు వెళ్తే వాడికి పాడింది. జనానికి ఎవరి వైపు అరుస్తున్నామో తెలియకపోయినా మానకుండా అరిచారు. ఆట సమానమై ఆగిపోయింది. ఇద్దరు కెప్టెన్లూ మీదికొచ్చారు.

"ఏందక్కా గిది? అసలు నువ్వు ఎవల దిక్కున్నవ్?"

రూప్లి అద్దం రుద్దుతూనే చెప్పింది. "ఎవల ఊపిరి అయిపోతుంటే వాళ్ళ దిక్కు, తమ్మీ."

వాళ్ళు తలలు గోక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ మాట విలువ నాకు ఇంకో రెండేళ్ళకు గానీ తెలియలేదు.

డెబ్బై ఏడు, డెబ్బై ఎనిమిది వచ్చేసరికి మైదానాల్లోకి మైకుసెట్లు దిగాయి. చింతచెట్టుకు రెండు గొట్టాలు కట్టి, కూత మొదలవగానే సినిమా రికార్డు వేసేవాళ్ళు. మైకుసెట్టుకు కొబ్బరికాయ అక్కర్లేదు, సద్ది అక్కర్లేదు. రూప్లిని పిలవడం మానేశారు. హర్యా చెరుకు కొట్టే పనికి మహారాష్ట్ర వెళ్ళిపోయాడు. ఆ వానాకాలమే సాంబమూర్తి గారి చేలో నాట్లు వేస్తూ వంగిన మనిషి లేవలేకపోయింది. నలుగురం కలిసి బండిలో వేసుకుని దవాఖానకు తీసుకొచ్చాం. డాక్టరు వీపు నొక్కి చూసి, "ఇకమీదట నీళ్ళల్లో వంగకూడదు. వంగితే మంచం దిగవు" అన్నాడు.

బండిలో తిరిగి పోతూ ఆమె ఒక్క మాట అన్నది. "పొలంల వంగొద్దన్నరు. ఆటకాడికి రావొద్దన్నరు. ఇగ ఈ గొంతు పట్టుకొని ఎటు పోవాలె సారూ?"

దానికి జవాబు కనకరత్నం గారి రూపంలో వచ్చింది. ఆవిడ క్యాంపులో ఉండేది. ఒకప్పుడు కోస్తాలో నాటకాల్లో రాణి వేషాలు వేసి, మోకాళ్ళ నొప్పులు వచ్చాక బాన్సువాడలో హార్మోనియం పెట్టెతో ఒక చిన్న కళాబృందం నడుపుతోంది. రూప్లి గొంతు నాట్ల కాలంలో ఎన్నోసార్లు కాలువ మీదుగా విన్నదట. డెబ్బై తొమ్మిది చలికాలంలో నిజామాబాదులో పెద్ద వినోద కార్యక్రమం ఉంది. హైదరాబాదు నుంచి రేడియో ఆయన వస్తున్నాడు. నచ్చినవాళ్ళను రేడియోకు పిలుస్తాడు. కనకరత్నం గారు తన పద్యాల కోసం కేటాయించిన పది నిమిషాలూ రూప్లికి ఇచ్చేసింది. నిర్వాహకులు ఒప్పుకోకపోతే, "ఆ పిల్ల తేలిపోయిందంటే మళ్ళీ మీ గుమ్మం తొక్కను" అని మాటిచ్చి వచ్చింది.

ఇక కనకరత్నం గారి వసారాలో రిహార్సల్స్. నేను, సాంబమూర్తి గారు, ఇంకో ఇద్దరు ముందు కూర్చున్నాం.

"ఊఁ, పాడవే అమ్మాయీ" అంది కనకరత్నం గారు హార్మోనియం నొక్కుతూ.

"ఎవలికమ్మా?"

"ఎవరికేమిటే? జనానికి."

రూప్లి మా నలుగురి వంకా దిగులుగా చూసింది. "జనానికి ఏమైందమ్మా? మంచిగ కుర్చీలల్ల కూసున్నరు గదా."

గొంతు రాలేదు. ఆ రోజే కాదు, మర్నాడూ రాలేదు, మూడో రోజూ రాలేదు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. కనకరత్నం గారు మిరియాల పాలు తాగించింది. దిష్టి తీయించింది. చివరికి విసుగొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే, ఆమెకు తోడుగా వచ్చిన రూప్‌సింగ్ నీళ్ళ గంగాళం నెత్తిన పెట్టుకుని పెరటి మెట్లెక్కుతున్నాడు. రెండో మెట్టు మీద కాలు జారబోయింది.

"ఇడువకు ఇడువకు హర్యా బావా!"

గోడలు అదిరాయి. పెళ్ళాం నలుగురిలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కదా. తమ్ముడికి బావ కాబట్టి హర్యా బావా అని పిలుస్తుంది. మేమందరం అనుకోకుండానే "హోయ్" అన్నాం. సాంబమూర్తి గారు కూడా అన్నారు. అని, చుట్టూ చూసి సర్దుకున్నారు. కనకరత్నం గారు గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"దొరికిందే మందు! రూప్‌సింగూ, నువ్వు స్టేజీ మీద గంగాళం మొయ్యాలి!"

"నేనా? వెయ్యి మంది ముంగటనా?" రూప్‌సింగ్ గంగాళం దింపేసి రెండడుగులు వెనక్కి వేశాడు. "సచ్చినా గాదు తల్లీ. నన్ను జూసి నవ్వుతరు."

"నీ పెండ్లాం గొంతు రాకుంటే గూడ నవ్వుతరు" అంది రూప్లి మెల్లగా. "అప్పుడు నన్ను జూసి నవ్వుతరు."

అతను గంగాళంలోకి తొంగిచూశాడు. తర్వాత, "గంగాళం నిండ నీళ్ళు పోయొద్దు మరి" అన్నాడు. ఒప్పుకున్నట్టే లెక్క.

కార్యక్రమం రోజున బాన్సువాడ బస్టాండులో తండా ఆడవాళ్ళందరూ వచ్చి రూప్లిని సాగనంపారు. ఒకావిడ చేతికి పసుపు కొమ్ము కట్టింది, ఇంకొకావిడ ఏడ్చింది. సంతోషం వచ్చినా దుఃఖం వచ్చినా పాటగా ఏడవడం వాళ్ళ పద్ధతి. ఆ ఏడుపు విని కండక్టరు, "ఎవలన్న పోయిండ్రా?" అని టోపీ తీశాడు. రూప్లి మొహం అసలే బాగాలేదు, ఆ మాటతో ఇంకా నల్లబడింది. బొటనవేలు అద్దం మీది నుంచి తీయలేదు. ఆ బస్సులోనే నేను చాయ్ ఒలకబోసింది.

వర్ని దాటాక రూప్‌సింగ్‌కు వాంతులు మొదలయ్యాయి. బస్సు వల్లో, భయం వల్లో తెలియదు. నిజామాబాదులో దిగేసరికి నిలబడే స్థితిలో లేడు. హాల్లో స్టేజీ వెనక, అడవి బొమ్మ వేసిన తెర చాటున చాప పరిచి పడుకోబెట్టాం. నోట్లో నిమ్మకాయ ముక్క, మొహం మీద తడి తువ్వాల. గంగాళం అతని తల దగ్గర ఖాళీగా ఉంది.

"ఇగ అయిపోయింది సారూ" అంది రూప్లి. "ఆయనే లేకుంటే ఎవల కోసం పాడాలె? నన్ను ఇంటికి తోలుకపోండ్రి."

కనకరత్నం గారి మొహంలో కూడా నెత్తురు చుక్క లేదు. అయినా రాణి వేషాల మనిషి కదా, గొంతు మాత్రం వణకనివ్వలేదు. "వెళ్ళి నీ చోట నిలబడవే. నువ్వు రోజూ నిలబడినట్టే నిలబడు. మిగతాదానికి దేవుడున్నాడు" అంది.

రోజూ నిలబడినట్టే నిలబడమంది. రూప్లి అక్షరాలా అలాగే చేసింది. ఆ సంగతి ముందుగా గమనించాల్సింది నేను. కానీ నా చేతిలో ఆమె పేరు చదవాల్సిన కాగితం తిరగేసి ఉంది. దాన్ని సరిచేసుకునే తొందరలో ఉన్నాను.

పేరు చదివాను. ముందు తెర లేవాలి. మోకాలెత్తు లేచి ఆగిపోయింది.

ఎడమ పక్కన తాళ్ళ దగ్గర హన్మాండ్లు అనే ముసలాయన ఉన్నాడు. ఆ హాల్లో తెరలు లాగే పని ఆయనదే. ఒకసారి లాగాడు, రెండుసార్లు లాగాడు. తెర కదల్లేదు. హాల్లో వాళ్ళకు తెర కింది నుంచి రెండు కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. కడియాలు, వాటి కింద మడమలు. కాలివేళ్ళు లేవు.

మొదటి నవ్వు వినపడింది.

"అక్కా, మేం గీ దిక్కున్నం!" అని వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు.

హాలంతా గొల్లుమంది. కనకరత్నం గారు కుడి పక్క నుంచి, "ఇటు తిరగవే! నా తల్లీ, ఇటు తిరుగు!" అని పళ్ళ బిగువున అరుస్తోంది. రూప్లి కదల్లేదు. కదలకపోవడం కాదు, కదిలే శక్తి లేదు. తెర వెనక ఆమె పెదాలు తెల్లబడి ఉండటం నాకు కనిపిస్తోంది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. మూసింది. రెండో వరుసలో రేడియో ఆయన ఉన్నాడు. ఈమె ఇప్పుడు స్టేజీ దిగితే ఎక్కడికి పోతుంది? పొలానికి పోయే వీల్లేదు. మైదానానికి పోయే వీల్లేదు. నేను కాగితం నలిపేశాను.

హన్మాండ్లు తాడును ముంజేతికి చుట్టుకుని, కాలు గోడకు తన్నిపెట్టి, పూర్తిగా వెనక్కి వాలాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఊపిరి బిగబట్టాడు. మొహం ఎర్రబడింది.

రూప్లి ఆ పక్కకు చూసింది. బొటనవేలు అద్దం మీది నుంచి లేచింది.

"ఊపిరి ఇడువకు కాకా!"

ఆ గొంతు ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. హర్యా గోరు గీతకు ఆనిన రోజున ఎట్లా వచ్చిందో అట్లాగే వచ్చింది. చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి తెర చాటున ఉంది, హాల్లో ఎవరికీ కనిపించదు. అయినా వెనక బెంచీలో వాడే, ఇందాక వెక్కిరించినవాడే, "హోయ్" అన్నాడు. వాడు కబడ్డి మైదానాల్లో తిరిగినవాడై ఉండాలి.

"తాడు ఇడువకు కాకా!"

"హోయ్!" ఈసారి నాలుగు వరుసలు.

"నీ పట్టు ఇడువకు కాకా!"

"హోయ్!" ఈసారి హాలు మొత్తం.

హన్మాండ్లు అరవై ఏళ్ళ జీవితంలో ఆయన్ని చూసి ఎవరూ కేక వేసి ఉండరు. కళ్ళు పెద్దవి చేసి మనిషంతా వేలాడినట్టు లాగాడు. ఏదో పటుక్కుమంది. ముందు తెర జర్రున పైకి పోయింది. దాంతో పాటు వెనకనున్న అడవి తెర కూడా పోయింది. రెండు తాళ్ళూ చిక్కుపడి ఉండటమే అసలు సంగతి. అడవి మాయమై, దాని వెనక చాప మీద తడి తువ్వాలతో రూప్‌సింగ్ ప్రత్యక్షమయ్యాడు.

అతను తువ్వాల తీశాడు. వెయ్యి మందిని చూశాడు. నిమ్మకాయ ముక్క నోట్లోంచి జారింది. లేవబోతే తిమ్మిరెక్కిన కాలు మడత పడింది.

"లెవ్వు లెవ్వు హర్యా బావా!"

"హోయ్!"

"కాలు ఇడువకు హర్యా బావా!"

"హోయ్!"

ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి గంగాళం మీద ఆనించి అంగుళం అంగుళం లేచాడు. పూర్తిగా నిలబడి, ఏం చెయ్యాలో తెలియక జనానికి దండం పెట్టాడు. హాలు కూలిపోతుందేమో అనిపించింది. అప్పుడు రూప్లి, ఈ గోల ఎక్కడిదా అన్నట్టు వెనక్కి తిరిగింది. వెయ్యి మంది తనను చూసి చప్పట్లు కొడుతున్నారు. అంతే, కాళ్ళు వణికాయి. మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి పరిగెత్తింది.

"ఇంకా ఆరు నిమిషాలుందే!" అని కనకరత్నం గారు లబోదిబోమంది.

"వాళ్ళు నన్నే జూస్తున్నరమ్మా! నాతోని గాదు."

కనకరత్నం గారు ఒక్క క్షణం ఆలోచించింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని తానే స్టేజీ మీదికి నడిచింది. హార్మోనియం ముందు కింద కూర్చుంది. రాణిలా జనానికి నమస్కారం చేసింది. తర్వాత లేవబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. మళ్ళీ ప్రయత్నించింది. లేవలేదు. ఆవిడ నిజంగా లేవలేకపోయిందా, లేవలేనట్టు నటించిందా అన్నది ఆవిడ నాకు చివరిదాకా చెప్పలేదు. రూప్లి మాత్రం చాటు నుంచి చూసి ఆగలేకపోయింది. "మోకాలు ఇడువకు అమ్మా" అంటూ బయటికొచ్చింది. ఆరు నిమిషాలు చాల్లేదు.

రేడియో ఆయన వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "ఆమె పేరేమన్నారు? మీరు చదివింది సరిగా వినపడలేదు" అన్నాడు. కంగారులో నేను ఆమె పేరు బదులు కాగితం అడుగున ఉన్న ప్రెస్సు పేరు చదివానట.

హైదరాబాదు రేడియోలో మళ్ళీ అదే గండం. అద్దాల గదిలో మైకు తప్ప ఎవరూ లేరు. మైకుకేం కష్టం? రూప్లి నా వంక చూసింది. ఈసారి ఉపాయం రూప్‌సింగ్ చెప్పాడు. "నేను ముంగట కూసుంట. ఊపిరి బిగవట్టుకుంట. నువ్వు పాడు" అన్నాడు. అట్లాగే కూర్చున్నాడు. బుగ్గలు పూరించి, కళ్ళు తేలేసి, నల్లగా ఎర్రగా మారుతుంటే రూప్లి పాడింది. ఎంత బాగా పాడిందంటే, ఆపాలన్న సంగతి మర్చిపోయింది. రూప్‌సింగ్ ఆఖరికి "హమ్మయ్యో" అని గాలి వదిలాడు. అది కూడా రికార్డయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎట్లాగో కుదిరింది. ఆ తర్వాత బాన్సువాడ చాయ్ హోటళ్ళలో రేడియో చుట్టూ జనం చేరి ఆమె పాటకు "హోయ్" అనేవాళ్ళు. పాట చివర్లో నూతిలోంచి వచ్చినట్టు చిన్న ఈల వినిపించేది. అది రూప్‌సింగ్ ముక్కు అని మా ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆపైన నిజామాబాదు, బోధన్, మహారాష్ట్రలో దెగ్లూర్ దాకా పిలుపులొచ్చాయి. క్యాసెట్టు వచ్చింది. దాని అట్ట మీద ఫొటో కోసం ఫొటోగ్రాఫరు ఎన్నిసార్లు ఇటు తిరగమన్నా మొహం బిగుసుకుపోయింది. చివరికి వీపు ఫొటోనే వేశారు. అమ్మకాలకు అదే మేలయింది. అందరికీ తెలిసింది ఆ వీపే కదా. ప్రతి కార్యక్రమానికీ ముందు ఆమె నిర్వాహకులను అడిగే మాట ఒక్కటే. "ఏదన్న కష్టమైన పని జేసేటోళ్ళు ఒకలు ఉండాలె. ఉన్నరా?" ఉంటే సరే. బండరాయి ఎత్తేవాడో, బిగుసుకున్న సీసా మూత తిప్పేవాడో, ఎవరో ఒకరు. లేకపోతే ఆమె మొహంలో అదే పాత గాబరా, అద్దం మీద అదే బొటనవేలు. అప్పటికి ఆ రవికెకు అద్దాలు మూడు ఊడిపోయాయి. కొత్త రవికె కుట్టించుకోమంటే వద్దంది.

ఎనభై అయిదులో బాన్సువాడ వాళ్ళం, మొట్టమొదట ఆమె గొంతెత్తిన ఆ మైదానంలోనే సన్మానం పెట్టాం. జుక్కల్ కెప్టెన్ వచ్చాడు, కొడప్‌గల్ కెప్టెన్ వచ్చాడు. ఇద్దరూ చెరో కొబ్బరికాయ తెచ్చారు. హర్యా దెగ్లూర్ నుంచి పిల్లలతో వచ్చాడు. కనకరత్నం గారిని కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. రూప్లిని స్టేజీ మధ్యలో కూర్చోబెట్టి, ఈసారి జనం వైపే తిప్పి, మెడలో దండలు వేశాం. మైదానమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె కాళ్ళు కుర్చీ కింద వణకడం నాకు కనిపిస్తోంది. లేచి పారిపోవడానికి దారి వెతుకుతోంది. మొదటి వరుసలో రూప్‌సింగ్ కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక అతను ఊపిరి బిగబట్టి చూశాడు. కానీ ఆ చప్పట్లలో ఆమెకు మొగుడు కనిపించలేదు.

సన్మాన పత్రం రాసింది నేను. చదవాల్సిందీ నేనే. పదహారేళ్ళ పంతులు ఉద్యోగంలో నేర్చిన సంస్కృతమంతా దానిలో పోశాను. లేచి మైకు ముందు నిలబడ్డాను. మొదటి వాక్యంలోనే ఒక సమాసం ఉంది. సగం దాకా వచ్చి ఆగిపోయాను. అది ఎక్కడ విరగాలో రాసిన నాకే అర్థం కాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఇరుక్కున్నాను. చప్పట్లు ఆగాయి. ఎక్కడో నవ్వు మొదలైంది. ముందు వరుసలో నా విద్యార్థులు, పై అధికారులు, నా భార్య. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు అర్థమైంది ఆమె అన్నేళ్ళుగా నన్ను అడుగుతూ వచ్చిందేమిటో.

వెనక కుర్చీ కదిలిన చప్పుడయింది. రూప్లి లేచింది. జనానికి వీపు పెట్టి, నా వైపు తిరిగి నిలబడింది. కాళ్ళు వణకడం లేదు. చెయ్యి పైకి లేచింది.

"మాట ఇడువకు సారూ!"

మైదానం మొత్తం "హోయ్" అంది. జుక్కల్, కొడప్‌గల్ ఒకే గొంతుతో అరవడం అదే మొదటిసారి.

ఎక్కడ విరిచానో తెలియదు గానీ, సమాసం మాత్రం పూర్తి చేశాను.